టెక్సాస్ శాసనసభ్యుణ్ణి సైన్యం పిలిస్తే సీటు ఖాళీ అవుతుందా?

అవదు. ఉప ఎన్నికా రాదు. 2003లో ఓటర్లు ఆమోదించిన సవరణతో రాష్ట్ర రాజ్యాంగంలో 16వ అధికరణం, 72వ సెక్షన్ ఇందుకే చేరింది. సైనిక విధులు 30 రోజులు మించేలా ఉంటేనే తాత్కాలిక సభ్యుణ్ణి పెట్టే వీలుంది. తక్కువైతే పదవి ఆయనదే అయినా, ఆ కుర్చీలో తాత్కాలికంగా వేరెవరూ కూర్చోరు.

విచిత్రమేమిటంటే, ప్రత్యామ్నాయాన్ని ఎంచేది గవర్నర్ కాదు, వెళ్తున్న సభ్యుడే. అయితే ఆ వ్యక్తిది అదే పార్టీ అయ్యుండాలి, పదవికి కావాల్సిన అర్హతలుండాలి, పైగా ఆ సభ మెజారిటీ ఓటుతో ఒప్పుకోవాలి. ఈ ఓటు లేకుండా ఎంపిక చెల్లదు. వచ్చినవారికి ఓటు హక్కుతో సహా పూర్తి అధికారాలుంటాయి. సైనిక విధులు, పదవీకాలం: ఏది ముందు ముగిస్తే అంతవరకే.

టెక్సాస్ ప్రతినిధుల సభ సభ్యుడు రిక్ నోరియేగా సైనిక విధులపై అఫ్గానిస్తాన్‌లో ఉండగా, 2005లో ఆయన స్థానంలో భార్య మెలిస్సా పనిచేశారు.