వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోని ఆల్బమ్: నిక్ డ్రేక్ ‘బ్రైటర్ లేటర్’

రిలీజైనప్పుడు ఎవరూ పట్టించుకోని ఆల్బమ్‌లలో మీకు బాగా ఇష్టమైనది ఏది అని అడిగారు. తడుముకోకుండా చెప్తాను: నిక్ డ్రేక్ ‘బ్రైటర్ లేటర్’. ఇంగ్లండ్ ఫోక్ గాయకుడు, పాటలు తనే కట్టుకునేవాడు. ఇది ఆయన రెండో ఆల్బమ్, 1971 మార్చిలో వచ్చింది. ఆయన బతికుండగా ఏ ఆల్బమూ 5,000 కాపీలు దాటలేదంటారు. 1974 నవంబరులో, 26 ఏళ్లకే పోయాడు.

నేను దీన్ని మొదట విన్నది బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు. రాత్రంతా గోదాములో ప్యాకింగ్ పని, తెల్లవారుజామున 5 గంటల బస్సు. బస్సులో నాలాంటి వాళ్లే పదిమంది, ఒకరి మొహం ఒకరు చూడరు. అద్దం మీద ఆవిరి తుడిస్తే బయట ఇంకా చీకటే. ఆల్బమ్ మొదట్లో పాట ఉండదు, గిటార్‌కి వయొలిన్లు అల్లుకుంటూ ఒకటిన్నర నిమిషం వాయిద్యమే. తర్వాత బాకాలు, డ్రమ్ములు హుషారుగా అందుకున్నాయి. ఆ సందడి మధ్యలోంచి ఒక గొంతు, పక్క సీట్లో వాళ్లు లేస్తారేమో అన్నంత మెల్లగా. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చాను.

ఆ సాయంత్రం రూంలో మళ్లీ పెట్టాను. మా రూమ్మేట్‌ది జనగామ దగ్గర పల్లె. కూర కలుపుతూ విని, “అన్నా, గిది ఫోక్ ఎట్లయితది? సాక్సఫోన్ ఉన్నది, వయొలిన్లున్నయి” అన్నాడు. ఇంకో రెండు పాటలయ్యాక గరిటె పక్కన పెట్టి, “మా నాయనమ్మ యాదికొస్తున్నది. నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమెనే. అందరు అందుకునేదాక మందిల ఒక్కతే పాడుతది గదా, గట్లున్నది” అన్నాడు.

వాడి మొదటి మాట లాంటిదే 1971లో మెలొడీ మేకర్ అనే బ్రిటిష్ సంగీత పత్రికా రాసింది, ఫోక్‌కీ కాక్‌టెయిల్ జాజ్‌కీ (బార్లలో వాయించే తేలికపాటి జాజ్) పొసగలేదని. వాడి రెండో మాటే నిజం. ఇప్పటికీ చాలామంది అభిమానులు ఈ ఆల్బమ్‌కి హంగులెక్కువయ్యాయి, రెండు రాత్రుల్లో దాదాపు ఒట్టి గిటార్‌తో రికార్డు చేసిన మూడోదే అసలు నిక్ అంటారు. నేను ఒప్పుకోను. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లిష్ ఫోక్-రాక్ బ్యాండ్ నుంచి డేవ్ పెగ్, డేవ్ మట్టాక్స్, రిచర్డ్ థాంప్సన్ వచ్చారు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్‌లో వాయించిన జాన్ కేల్ వచ్చాడు. వయొలిన్లకు స్వరాలు రాసింది కేంబ్రిడ్జి స్నేహితుడు రాబర్ట్ కర్బీ. ఇంతమంది చుట్టూ ఉన్నా నిక్ గొంతు పెంచడు. పదిమందిలో ఉన్నవాడి ఒంటరితనం ఒట్టి గిటార్‌తో వినిపించగలరా?

ఆల్బమ్ ఆడకపోవడానికి కారణం పాటల్లో లేదు. ఒక్కో పాటకు ఒక్కో ట్యూనింగ్ ఆయనది. స్టేజీ మీద పాటకూ పాటకూ మధ్య మాటా పలుకూ లేకుండా తంతులు సరిచేసుకుంటూ కూర్చుంటే జనం కబుర్లలో పడేవాళ్లు. 1970 తర్వాత కచేరీలు దాదాపు మానేశాడు. ప్రొడ్యూసర్ జో బాయిడ్ లాస్ ఏంజెలస్ వెళ్లిపోయాడు. ఇక రికార్డు గురించి నలుగురికీ చెప్పేదెవరు?

మన దగ్గర మాత్రం? పల్లె నుంచి వచ్చిన గాయనికి ఒక పాట హిట్టయితే రెండోదీ అచ్చం అలాగే ఉండాలంటారు. వాయిద్యాలుంటే నాకేం అభ్యంతరం లేదు, కానీ రిథమ్ ప్యాడ్ మోతలో ఆ పిల్ల గొంతే నలిగిపోతుంది. పాట కట్టినవాళ్ల పేరు ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. చూస్తే ఒళ్లు మండిపోతుంది.

ఆ అక్టోబరులో ఒక ఆదివారం నిక్ ఊరికి వెళ్లాను, టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్. డాంజీ స్టేషన్‌లో దిగి పొలాల మధ్య నడిచాను. చర్చి వెనక ఓక్ చెట్టు కింద చిన్న సమాధి రాయి, దాని మీద వానకు తడిసిన గిటార్ పిక్‌లు నాలుగైదు. అదే రాయి మీద అమ్మానాన్నల పేర్లూ ఉన్నాయి. ఆ అమ్మ మాలీ కూడా ఇంట్లో పియానో దగ్గర కూర్చుని పాటలు కట్టుకునేదట. వాటిని అప్పుడు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరు విన్నారు?

మీరు వింటే మొదటినుంచి వరసగా వినండి. షఫుల్ పెట్టకండి. మాటల్లేని ముక్కలు మూడున్నాయి, వాటిని దాటేయకండి.