హాస్టల్‌కి వెళ్లాక ఏ పనీ టైముకి చేయడం లేదు.. మా పెంపకం లోపమా?

ప్రశ్న: మా బాబుకి 19 ఏళ్లు. ఇంటర్ దాకా నిద్రలేపడం, ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో చెప్పడం అన్నీ మేమే చూశాం. మార్కులూ బాగానే వచ్చాయి. బీటెక్‌కి హాస్టల్లో చేరాక పొద్దుటి క్లాసులు పోతున్నాయి, రికార్డులు చివరి రాత్రి రాస్తున్నాడు. రెండు సబ్జెక్టులు తప్పాడు. బద్ధకమా, మా తప్పా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: బద్ధకమని తేల్చేయకండి. పనిని ముందే ప్లాన్ చేసుకోవడం, గుర్తుంచుకుని మొదలుపెట్టడం, చేతిలో ఫోన్‌ని పక్కన పెట్టగలగడం, అనుకున్నది కుదరకపోతే దారి మార్చుకోవడం.. వీటిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటాం. వీటికి కీలకమైన మెదడు ముందు భాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ పని మీరు చేసిపెట్టారు. హాస్టల్‌కి ట్రంకుపెట్టె వెళ్లింది, అలారం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

చెప్పింది చేయాల్సిందే అనే పెంపకం, అడిగిందల్లా సరేననే పెంపకం, ప్రేమగా ఉంటూనే హద్దులు పెట్టి కారణం చెప్పే పెంపకం అని 1960లలో డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు విడదీశారు. మూడో తరహాలో పెరిగినవాళ్లలో స్వీయ నియంత్రణ కాస్త మెరుగ్గా కనిపిస్తుంది. 'కాస్త' అనే మాట గమనించండి. ఇందులో వంశపారంపర్యం వాటా పెద్దదే. పైగా మతిమరుపు పిల్లాడి వెంటే తల్లి ఎక్కువ పడుతుంది, ఏది ముందో చెప్పలేం.

ఇక చేయాల్సింది. రోజూ ఫోన్‌లో ఆరా తీయడం ఆపి, ఆదివారం 20 నిమిషాలు మాట్లాడండి. వారం పనులు తనే చెప్పాలి. మీరు అడగాల్సింది ఒక్కటే: 'ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చేస్తావు?' 'రికార్డు పూర్తిచేస్తా' అంటే అది జరగదు. 'సోమవారం రాత్రి మెస్ నుంచి రాగానే రీడింగ్ రూమ్‌లో రెండు ప్రయోగాలు రాస్తా' అంటే జరిగే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులు తప్పటడుగు వేసేది సోమవారం రాత్రే! 'కూర్చున్నావా?' అని మెసేజ్ పెడితే గుర్తుంచుకునే పని మళ్లీ మీకే వచ్చిపడుతుంది. లేటు ఫైన్ తన పాకెట్ మనీలోంచే కట్టనివ్వండి. పరీక్ష ఫీజు గడువుతో మాత్రం ప్రయోగాలొద్దు, ఒకసారి గుర్తుచేయండి. అలాగని 'ఇక నీ ఇష్టం' అని ఒక్కసారిగా వదిలేయకండి. నెలకో బాధ్యత చొప్పున అప్పగించండి: ముందు నిద్రలేవడం, తర్వాత డబ్బు లెక్క.

నిద్ర ఏడు గంటలకు తగ్గుతోందేమో కనుక్కోండి. నిద్ర చాలకపోయినా ఇవే లక్షణాలుంటాయి. 12 ఏళ్లలోపే వస్తువులు పోగొట్టుకోవడం, పని మధ్యలో వదిలేయడం ఇంట్లోనూ బడిలోనూ ఉండేదా? ఉంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉందేమో సైకియాట్రిస్టుకి చూపించాలి. రెండు వారాలకు మించి దిగులుగా ఉంటూ, ఇష్టమైనవీ మానేసి, తిండీ నిద్రా తప్పితే ఆదివారం దాకా ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే అదే రోజు తీసుకెళ్లండి.