లిస్టులో ఆఖరున రాసినదాని దగ్గర్నుంచి మొదలుపెట్టు

అమ్మడూ,

కొత్త కంప్యూటర్ బిగించుకోవడానికి నువ్వు పంపిన పార్టుల లిస్టు చూశాను. ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, దానికో మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటి, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, రంగుల లైట్ల ఫ్యాన్లున్న క్యాబినెట్, దాంతోపాటే వచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అన్ని పార్టులకీ కరెంటు అందించే డబ్బా). గ్రాఫిక్స్ కార్డు తర్వాత చూద్దాం అన్నావు. ఇవి ఇలాగే కొని బిగించావనుకో, స్విచ్ వేయగానే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ఉత్త 12400లో ఉంటాయి. ఎఫ్ కాస్త చవక కాబట్టి కొటేషన్‌లో అదే ముందు రాస్తారు. నీ దగ్గర కార్డు ఉందా లేదా అని ఎవరూ అడగరు.

నీ పని కోడింగ్, ఆండ్రాయిడ్ స్టూడియో, కాలేజీ ప్రాజెక్టులు, ముందు ముందు మెషిన్ లెర్నింగ్. దానికి నేనైతే ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7600 తీసుకుంటాను. ఆరు కోర్లు, బాక్సులోనే కూలర్, డిస్‌ప్లేకి సరిపోయే గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. పక్కనే 7600ఎక్స్ కనిపిస్తుంది, దాంట్లో కూలర్ రాదు, విడిగా కొనాలి. 7500ఎఫ్ వద్దు, ఎందుకో పైనే చెప్పాను. ఇది కూర్చునేది ఏఎమ్5 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ దిగే గూడు). 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎమ్‌డీ ప్రకటించింది. దీనికి ముందున్న ఏఎమ్4లో 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన ప్రాసెసర్ పెట్టుకున్నవాళ్ళున్నారు. నువ్వు అడిగిన 12400 సాకెట్‌కి 14వ తరంతోనే దారి ముగిసింది. బడ్జెట్ మరీ తక్కువైతే అదీ తప్పేం కాదు, డీడీఆర్4 (పాత తరం ర్యామ్) బోర్డుతో నడిచిపోతుంది. ఒకటే జాగ్రత్త: డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 స్లాట్‌లో దిగదు, గాడి వేరే చోట ఉంటుంది. బోర్డు ఏదో తేలాకే ర్యామ్ కొను.

ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి మండిపోతున్నాయి. "ఇప్పుడు ఒక 16 తీసుకో పాపా, తర్వాత ఇంకోటి కలుపుకో" అంటాడు షాపతను. ఆ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ రెండు ముక్కలుంటే ర్యామ్ రెండు దారుల్లో నడుస్తుంది, లోపలి గ్రాఫిక్స్ మీద ఆధారపడినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా కిట్‌గా వచ్చిన జత కంపెనీలోనే కలిపి పరీక్షించి ఉంటుంది. అన్నయ్య, అదే మీ నాన్న, ఒప్పుకుంటే రెండు 16ల కిట్ కొను. ఒప్పుకోకపోతే ఒకటే కొని, దాని మోడల్ నంబర్ దాచుకో.

ఇక ఎస్‌ఎంపీఎస్. అందరూ లిస్టులో ఆఖరున రాసేది, మిగిలిన డబ్బుల్లో సర్దేసేది ఇదే. నేను ఇక్కడి నుంచే లెక్క మొదలుపెట్టమంటాను. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని చేతిలో పట్టుకుని చూడు, ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది. పక్కనున్న లేబుల్ చదువు. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి వెతుకు. అక్కడ 18 ఆంపియర్లు అని ఉందనుకో, 12ని 18తో గుణించు: 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. మిగతా వాట్లు నీకు పెద్దగా పనికిరాని లైన్ల మీద చూపించిన అంకెలు. సరైన 550 వాట్ల దాంట్లో అదే గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు.

550 ఎందుకంటే, రేపు కార్డు కొన్నా సరిపోవాలి. మెషిన్ లెర్నింగ్‌కి ఎన్‌విడియానే చూడు, చాలా టూల్స్ దాని సొంత సాఫ్ట్‌వేర్ వేదిక "CUDA" (కుడా) మీదే రాసి ఉంటాయి. కొత్తదా పాతదా అనేదానికంటే కార్డు మెమరీ ఎంతో ముందు చూడు. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం ఉంది, దాని తర్వాతి 4060లో 8 జీబీయే. 3060 గట్టిగా పనిచేస్తే 170 వాట్లు, 7600 ఓ 90, మిగతావన్నీ ఓ 60. మొత్తం 320. సగానికి కొంచెం పైన నడిచే ఎస్‌ఎంపీఎస్ వేడెక్కదు, గోల చేయదు. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్తుంది, అంతే. ఐదేళ్ళ వారంటీ ఇస్తున్నారా అన్నది నేను ఎక్కువ నమ్మే గుర్తు.

దీనికి జోడుగా ఇంకోటి, పార్టులు కొనకముందే. మీ ఇంట్లో ఆ గదిలోని ప్లగ్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ఇనుము మీద వేలు పెట్టగానే జివ్వుమంటుంది. అది పార్టు పాడవడం కాదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు లైన్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి, ఎర్త్ దొరక్క మెయిన్స్‌లో సగం వోల్టేజీ బాడీ మీదికొస్తుంది. కరెంటు చాలా తక్కువే, అయినా దాన్ని అలా వదిలేయకూడదు. ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానేయకు. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. 600 వీఏ యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లు, కార్డు లేనంతవరకు చాలు. ఫైళ్ళు సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైమ్ ఇస్తే దాని పని అయిపోయినట్టే.

క్యాబినెట్‌కి ముందు జాలీ ఉండాలి. గాజు పలక బావుంటుంది కానీ ఖమ్మం ఎండల్లో లోపల ఊపిరాడదు. దుమ్ము ఫిల్టర్ తీసి కడిగేలా ఉందా చూడు. ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎమ్‌ఈ (నేరుగా బోర్డులో బిగించే వేగమైన రకం) ఏదైనా మంచి కంపెనీది తీసుకో, నీ పనికి జెన్3, జెన్4 అనే వేగాల తేడా తెలియదు.

కొనడానికి సికింద్రాబాద్ వస్తే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్దాం. లిస్టు మోడల్ నంబర్లతో సహా రాసి, ఒకే రోజు మూడు షాపుల్లో కొటేషన్ అడుగుదాం. "అది స్టాక్ లేదు, దానికంటే మంచిది ఇస్తా" అంటే అక్కడే ఒప్పుకోకు, బయటికొచ్చి ఫోన్‌లో ఆ మోడల్ చూడు. జీఎస్టీ బిల్లు తప్పనిసరి, దాని మీద సీరియల్ నంబర్లు కూడా ఉండాలి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వారంటీ వదులుకున్నట్టే.

బిగించేది నువ్వే, నేను పక్కన కూర్చుంటాను. ఏఎమ్5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. వాటిమీద వేలు పడకూడదు, వంగితే వారంటీ రాదు. సాకెట్ మీద వచ్చే ప్లాస్టిక్ మూత పారేయకు, వారంటీకి బోర్డు పంపేటప్పుడు దాన్ని పెట్టాలి. ర్యామ్ రెండు ముక్కలై, బోర్డులో నాలుగు స్లాట్లుంటే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టు. క్యాబినెట్‌లో దించకముందే బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ఒకసారి ఆన్ చేద్దాం. మొదటిసారి స్క్రీన్ చాలాసేపు నల్లగా ఉండిపోతుంది. డీడీఆర్5ని బోర్డు సరిచూసుకునే సమయం అది, నిమిషాలు పట్టొచ్చు. టెన్షన్ పడి ఆపేయకు. డిస్‌ప్లే రాగానే బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి సేవ్ చెయ్యి. లేకపోతే 6000 వేగానికి డబ్బు పెట్టిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది.

వదిన్ని అడిగానని చెప్పు.

మీ బాబాయి