అమ్మమ్మ నోట 'వోయ్' వద్దు

తమ్ముడూ,

నీ అనువాదం అందింది. రొమేనియాలోని క్లూజ్‌లో మెడిసిన్ చదువుతూ, ఆ చదువు మధ్యలోనే తెలుగు కథని రొమేనియన్‌లోకి తెచ్చావంటే సంతోషమే. పొగడ్తలు తర్వాత, ముందు అమ్మమ్మ సంగతి చూద్దాం.

ఆవిడ మనవడితో "రేపు నేనొస్తాలేరా" అంటుంది. నువ్వు 'వోయ్ వెనీ మియ్నె' అని రాశావు. వ్యాకరణపరంగా వంక పెట్టడానికి లేదు. వోయ్, వెయ్, వా, వొమ్, వెత్స్, వొర్ అని 'నేను' నుంచి 'వాళ్లు' దాకా వల్లించుకుని, పక్కన క్రియ అసలు రూపం చేర్చడం ఎవరైనా మొదట నేర్చుకునేదే. కానీ అది వార్తలు చదివే గొంతు, ఒప్పందపత్రాల గొంతు. వ్యాకరణంలో ఆ రూపాన్ని 'సాహిత్య భవిష్యత్ కాలం' అనడం ఊరికే కాదు. ఆ ఒక్క మాటతో అమ్మమ్మ నోటీసు పంపినట్టయింది.

ఇంట్లో, వీధిలో జనం అనేది 'ఓ స విన్'. ఇందులో 'ఓ' ఎవరికైనా మారదు, నేనన్నా మీరన్నా అదే. ఎవరన్నది పక్కనున్న క్రియ చెబుతుంది. చిక్కల్లా ప్రథమ పురుషలోనే. 'వెళ్తాడు'కి వర్తమానంలో 'ప్ల్యాక' అంటే, 'స' తర్వాత అది 'ప్లేచె' అవుతుంది. 'చేస్తాడు' అనే 'ఫాచె' దానికి సరిగ్గా ఎదురు, 'ఫాక' అవుతుంది. ఒకచోట క పోయి చ, మరోచోట చ పోయి క. నీ ప్రతిలో ఇలాంటివి చాలాచోట్ల జారాయి. పట్టిక ముందేసుకోకు, మార్కెట్‌కి వెళ్లి నాలుగు మాటలు విను, తొందరగా పట్టుబడుతుంది. ఇంకో రకం ఉంది, 'ఆమ్ స విన్'. అదీ వాడుకే.

కాస్త పక్కకి వెళ్తాను, ఇష్టమైన విషయం కనుక. 'వోయ్' మూలం 'కోరడం' అనే క్రియ. గ్రీకు కూడా భవిష్యత్తుని కోరికలోంచే తీసుకుంది. ఇటాలియన్, ఫ్రెంచ్ మాత్రం లాటిన్‌లోని 'కలిగి ఉండటం'లోంచి తీసుకున్నాయి. రొమేనియన్ రెండూ ఉంచుకుంది, 'ఆమ్ స'లో ఉన్నది ఆ రెండోదే.

అసలు అమ్మమ్మకి భవిష్యత్తు రూపమే అక్కర్లేదు. మనం "రేపు వెళ్తున్నా" అన్నట్టే వాళ్లూ వర్తమానంతో సరిపెడతారు. 'లాస, క విన్ యెవ్ మియ్నె' అను. 'యెవ్' అంటే నేను. దాన్ని క్రియ తర్వాత పెట్టేసరికి మన 'లేరా'లోని భరోసా అక్కడ వినిపిస్తుంది.

ఇక పొరుగాయన మాట. పిల్లాడు కనబడట్లేదంటే "ఈపాటికి ఇంటికి చేరే ఉంటాడు" అంటాడు. నువ్వు 'బహుశా' అనే 'ప్వాతె' తగిలించి, భూతకాలంలో నడిపించావు. తప్పు కాదు, కానీ చేతిలో ఇంతకన్నా మంచిది ఉంది: 'ఓ ఫి ఆజున్స్ ఆకాస'. చూడటానికి భవిష్యత్తులా ఉంటుంది, చెప్పేది మాత్రం జరిగిపోయి ఉండొచ్చన్న ఊహ. 'చేరే ఉంటాడు'లో 'ఉంటాడు' చేసే పనీ అదే. కాలం రూపంతో సందేహాన్ని పలికించడం రెండు భాషలకీ అలవాటైనప్పుడు, మధ్యలో 'బహుశా' ఎందుకు చెప్పు? "ఇంట్లో ఉంటాడు" అన్న మాటకీ అంతే, 'ఓ ఫి ఆకాస'.

కథకుడి గొంతు వేరు. తాత మూడేళ్ల తర్వాత పోతాడని ముందే చెప్పేచోట 'ఆవ్యా స మ్వార' వాడావు. బాగుంది. గతంలో నిలబడి ముందుకి చూసే రూపం అది. కానీ ఒకే పేజీలో మూడుసార్లు వచ్చింది. మొదటిది ఉంచు. రెండోదీ మూడోదీ మామూలు భూతకాలంలోకి మార్చు, లేకపోతే పాఠకుడికి కథకన్నా కథకుడే ఎక్కువ కనిపిస్తాడు.

ఎనిమిదో పేజీలో లాయరు ఉత్తరం ఉంది కదా, అక్కడ 'వోయ్', 'వొమ్' అన్నీ అలాగే ఉంచు. వాటికి అది సొంతిల్లు. అమ్మమ్మ పొడిమాటల పక్కన ఆ ఉత్తరం ఎంత బిగుసుకుని ఉంటే అంత మంచిది. సంభాషణలు మాత్రం మళ్లీ రాసి, ఒకసారి పైకి చదువుకుని పంపు.

అన్నయ్య