బతికుండగానే పోయినవాడు

ప్రశ్న: బతికున్న మనిషికి న్యూయార్క్ టైమ్స్ సంస్మరణ వార్త వేసిందట. నిజమేనా? ఆ ఆలన్ ఆబెల్ ఎవరు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమే. తను పోయినట్టు కబురు పుట్టించింది కూడా ఆ ఆబెలే. అలా జనాన్ని బోల్తా కొట్టించడమే అతని సరదా. టైమ్స్ 1980 జనవరి 2న వేసింది. ఆ తర్వాత ఆబెల్ తనే ప్రెస్‌మీట్ పెట్టి నిక్షేపంగా ఉన్నానన్నాడు, పత్రిక సవరణ వేసుకుంది.

1924లో అమెరికాలోని ఒహాయోలో పుట్టిన ఆబెల్ డ్రమ్ములు వాయించేవాడు, హాస్యం రాసేవాడు. ఓసారి టెక్సస్ రోడ్డు మీద ఆవు, ఎద్దు జతకట్టి దారికి అడ్డం నిలబడ్డాయి. కార్లలో ఉన్న పెద్దమనుషులు మొహాలు ఎటు తిప్పుకోవాలో తెలియక నానా అవస్థా పడ్డారు. జంతువులకు బట్టలు తొడగాలంటూ దాని మీద ఒక వ్యంగ్య కథ రాస్తే, పత్రికవాళ్లు నిజంగానే అంటున్నాడనుకుని తిప్పి పంపారు. కథను నమ్మినవాళ్లు సంఘాన్ని నమ్మరా? 1959లో సంఘమే పెట్టేశాడు.

పనితనమంతా చిన్న చిన్న వివరాల్లో ఉంది. 4 అంగుళాలకు మించిన ఎత్తు గానీ, 6 అంగుళాలకు మించిన పొడవు గానీ ఉన్న ప్రతి జంతువుకూ బట్ట కట్టాలట. కొలత చెప్పేసరికి వినేవాడు ‘కుక్కకైతే కట్టాలి, ఎలకకి అక్కర్లేదేమో’ అని లెక్కలోకి దిగుతాడు, అసలు ప్రశ్న మర్చిపోతాడు. పైగా సంఘం పేరులో ‘అసభ్యతకు వ్యతిరేకంగా’ అని ఉండాల్సిన చోట ‘అసభ్యత కోసం’ అని ఉంది. గుట్టు పేరులోనే పెట్టినా చాలామంది చూసుకోలేదు. సంఘం అధ్యక్షుడి వేషం కట్టింది నటుడు, హాస్య రచయిత బక్ హెన్రీ. నవ్వకుండా మాట్లాడటంలో దిట్ట. అయితే తెలిసిన మొహం ఎన్నాళ్లో దాగదు. 1962లో సీబీఎస్ అనే అమెరికా టీవీ చానల్ వార్తల్లో కనిపించగానే అక్కడి ఉద్యోగులే గుర్తుపట్టారు.

1985లో ఫిల్ డోనహ్యూ టీవీ షోలో ఏడుగురు ప్రేక్షకులు ఒకరి తర్వాత ఒకరు మూర్ఛపోయారు. అందరూ ఆబెల్ పురమాయించినవాళ్లే! లైట్ల వేడికి పడిపోతున్నారనుకుని మిగతా జనాన్ని బయటికి పంపించేశారు. ప్రత్యక్ష ప్రసారం కాబట్టే పారింది, రికార్డింగ్ అయితే కత్తిరించి పారేసేవారు.

ప్రశ్న: అంత పెద్ద పత్రిక వాకబు చేయకుండానే వేసిందా? డెస్క్‌లో చావు వార్త వస్తే నేనేం చూసుకోవాలి?
– ఒక ట్రైనీ సబ్ ఎడిటర్, ఖమ్మం

జవాబు: వాకబు చేసింది. చిక్కల్లా, అవునన్న వాళ్లంతా అతని మనుషులే. భార్యగా ఒకామె, అంత్యక్రియల సంస్థ మనిషిగా ఒకడు. ఎంతమంది చెప్పినా ఒకే ముఠా అయితే అది ఒక్క సాక్ష్యం కిందే లెక్క.

కబురు తెచ్చినవాళ్లు ఇచ్చిన నంబర్‌కి చేసి ఊరుకోకండి. ఆసుపత్రి నంబర్ మీరే వెతికి పట్టుకోండి. పోయినాయనతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఒక్కరైనా అవునన్నాకే పేజీలో పెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన దండ వేసిన ఫొటో దేనికీ రుజువు కాదు. ఎడిషన్ టైమ్ దగ్గర పడుతోందా, రేపు వేసుకోండి. రాత్రి పదకొండింటికి వచ్చే కబురు దగ్గరే ఎక్కువ బోల్తా పడతాం.

ఆబెల్ 2018 సెప్టెంబరులో 94 ఏళ్ల వయసులో నిజంగానే పోయాడు. ఈసారి టైమ్స్ కూతురి మాటతో సరిపెట్టుకోలేదు. చివరి రోజుల్లో సేవ చేసిన సంస్థనూ, అంత్యక్రియలు చూస్తున్న వాళ్లనూ విడివిడిగా అడిగి, ఆ సంగతి కూడా వార్తలోనే రాసింది.