వీసా మెడికల్ టీకాలకి 45 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఓ పల్లె. నేను 1997లో పుట్టాను. పెళ్ళికి ముందు స్టాఫ్ నర్సుగా చేశాను. మా వారికి అమెరికా పౌరసత్వం ఉంది, డల్లాస్‌లో ఉద్యోగం. భార్యగా నా వలస వీసా కాగితాలన్నీ ఆమోదం పొందాయి, ముంబైలో ఇంటర్వ్యూకి తేదీ రావాలి. ఈలోగా ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మెడికల్‌కి (వీసా కోసం చేసే వైద్యపరీక్షకి) పది రకాల టీకాలు తప్పనిసరి అని, ప్యాకేజీ 45 వేలని చెప్పి 10 వేలు అడ్వాన్స్ తీసుకున్నారు. కార్డు లేకపోతే పాత తేదీలతో వాళ్ళే సర్టిఫికెట్ చేయిస్తారట, దానికి వేరే డబ్బులు. నా చిన్నప్పటి టీకా కార్డు తిత్లీ తుపానులో ట్రంకుపెట్టెతో సహా తడిసి పాడైపోయింది. తక్కువ ఖర్చుతో అయ్యే దారి ఉందా? కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు ఆ మిగిలిన 35 వేలు కట్టకండమ్మా.

వలస వీసాకి టీకాల నిబంధన ఉన్నమాట నిజమే. 1996లో అమెరికా వలస చట్టానికి చేసిన సవరణతో అది వచ్చింది. విజిటర్ వీసాకీ, హెచ్1బి ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే హెచ్4కీ ఇది వర్తించదు. అందుకే మీ ఊళ్ళో ఎవరైనా ‘మేం ఏ సూదీ లేకుండానే వెళ్ళొచ్చాం’ అంటే వాళ్ళ మాటా అబద్ధం కాదు, మీ నిబంధనా అబద్ధం కాదు. మీ వయసుకి వర్తించే టీకాలు వేసుకున్నట్టు ఆధారం చూపించమంటుంది చట్టం. ఆధారం లేని వాటికి, పరీక్ష రోజు నాటికి వేయదగ్గ ఒక్క డోసు వేయించుకుంటే సరిపోతుంది. మూడు డోసుల కోర్సయినా సరే, మొదటి డోసు పడితే మిగతా వాటికి ఇంకా గడువు రాలేదని రాసి పంపిస్తారు. దీన్ని డీఎస్-3025 అనే ఫారంలో నింపేది కాన్సులేట్ గుర్తింపు పొందిన ప్యానల్ డాక్టరు. కన్సల్టెన్సీకి అందులో ఏ పాత్రా లేదు.

మీరు పంపిన ఫొటోలో వాళ్ళ పది టీకాల జాబితా చూశాను. టైఫాయిడ్ ఎప్పుడూ అమెరికా జాబితాలో లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాని 2009 డిసెంబరులోనే తీసేశారు. కోవిడ్ టీకా నిబంధన 2025లో ఎత్తేశారు. హెపటైటిస్ ఎ, మెదడు పొరల వాపుకి వేసే మెనింజైటిస్ టీకా పిల్లల వయసు వాళ్ళకే. ఇలా సగం జాబితా రాలిపోతుంది. మీ వయసుకి అసలు చూడాల్సినవి: టీడీ లేదా టీడ్యాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకి వేసే బూస్టర్), ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి), చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి, సీజన్‌ని బట్టి ఫ్లూ. పోలియో సంగతి ఆ రోజు అమల్లో ఉన్న పట్టిక చూసి ప్యానల్ డాక్టరే చెబుతారు.

కార్డు పోయిందని బెంగపడకండి. 1997 నాటి ప్రభుత్వ కార్డులో ఉండేవి బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు, డీపీటీ (డిఫ్తీరియా, కోరింతదగ్గు, ధనుర్వాతాలకి), తట్టు సూది. బీసీజీని అమెరికా వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. చిన్నప్పటి డీపీటీ ఉన్నా పెద్దవాళ్ళకి పదేళ్ళకోసారి బూస్టర్ కావాలి. తట్టుతో పాటు గవదబిళ్ళలకీ, రుబెల్లాకీ రక్షణ ఉండాలి, అవి ఆ కార్డులో ఉండేవే కావు. ఇప్పటికీ మన పీహెచ్‌సీల్లో పిల్లలకి వేసేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా) మాత్రమే, గవదబిళ్ళల టీకా అందులో లేదు. కాబట్టి ఆ కార్డు ఉన్నా మీ ఖర్చు పెద్దగా తగ్గేది కాదు.

మీకు డబ్బు మిగిలేది రెండు చోట్ల. మొదటిది చికెన్‌పాక్స్. ఈ జాబితాలో ఖరీదైన టీకా ఇదే. మీకు ఎప్పుడైనా అమ్మవారు పోసిందేమో మీ అమ్మగారిని అడగండి. పోసి ఉంటే ఆ సంగతి ప్యానల్ డాక్టరుకి వివరంగా చెప్పండి, నమ్మకం కుదిరితే వాళ్ళు దాన్నే ఆధారంగా తీసుకోవచ్చు. లేదంటే వారిసెల్లా (చికెన్‌పాక్స్) ఐజీజీ రక్తపరీక్ష చేయించండి. పాజిటివ్ వస్తే రోగనిరోధకత ఉన్నట్టే, టీకా అక్కర్లేదు. ల్యాబ్‌లో ఐజీజీ అని గట్టిగా చెప్పండి. ఐజీఎం అనేది కొత్తగా వచ్చిన జబ్బుని పట్టే వేరే పరీక్ష, అది చేశారంటే ఆ కాగితం మీకు పనికిరాదు, డబ్బు దండగ.

రెండోది హెపటైటిస్ బి. నర్సింగ్ చేసినవాళ్ళకి చాలాచోట్ల కాలేజీలోనో ఆసుపత్రిలోనో ఈ టీకా వేయిస్తారు. రిజిస్టరులో తేదీలుంటే లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, స్టాంపు వేయించుకోండి. దొరక్కపోతే దాని కోసం తిరగొద్దు. టీకా చవకే, ఒక డోసు వేయించుకోవడమే నయం. ఎంఎంఆర్‌కీ అంతే. మూడు జబ్బులకీ విడివిడిగా ఐజీజీ పరీక్షలు చేయిస్తే సాధారణంగా టీకా కన్నా ఎక్కువే అవుతుంది. పరీక్షలు చేయించుకోవడం ప్రతిసారీ పొదుపు కాదు.

పెద్దవాళ్ళకి ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు పీహెచ్‌సీలో దొరకవు. కాశీబుగ్గలోనో శ్రీకాకుళంలోనో పిల్లల డాక్టర్ల దగ్గర ఫ్రిజ్‌లో ఉంటాయి. సిగ్గుపడకుండా వెళ్ళండి. వేయించుకోగానే అక్కడి నుంచి లేచి రావద్దు. కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఉండాలి. పుట్టినతేదీ, టీకా పేరు, వేసిన రోజు, నెల, సంవత్సరం రాయించి, సీసా మీది బ్యాచ్ స్టిక్కర్ అంటించమనండి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న స్టాంపు పడాలి. దెబ్బ తగిలినప్పుడు వేసే ఉత్త టీటీ చాలదు, డిఫ్తీరియా కూడా కలిసిన టీడీ లేదా టీడ్యాప్ అని అడగండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ కావాల్సివస్తే ఒకే రోజు వేయించుకోండి. అలా కుదరకపోతే మధ్యలో 28 రోజుల ఎడం తప్పదు. ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక ఆ ఎడం వల్లే చాలామందికి టెన్షన్.

మరో మాట, మీ వారు ఈమధ్య సెలవు మీద వచ్చి వెళ్ళి ఉంటే, గర్భం కాదని తేల్చుకున్నాకే ఈ రెండు టీకాల జోలికి వెళ్ళండి. గర్భిణులకి వీటిని వేయరు. ప్యానల్ డాక్టరు ఆ సంగతి ఫారంలో రాస్తే చాలు, మినహాయింపు దానంతటదే వస్తుంది, వేరే దరఖాస్తూ రుసుమూ ఉండవు. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. మత విశ్వాసం పేరుతో అసలు టీకాలే వద్దనే మినహాయింపు వేరు. దానికి ఐ-601 ఫారం, 1,050 డాలర్ల రుసుము. పొదుపు కోసం ఎవరైనా ఆ సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

టీకాలు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, ఆ రికార్డు పాతబడదు. మెడికల్ మాత్రం ఇంటర్వ్యూ లెటర్ వచ్చాకే. దాని గడువు మామూలుగా ఆరు నెలలే, తొందరపడితే మళ్ళీ కట్టాలి. లెటర్‌తో ఇచ్చే జాబితాలోని కేంద్రాల్లోనే చేయించాలి. అందులో హైదరాబాద్ ఉంటే మీకు కలిసొస్తుంది, పలాసలో ఎక్కే కోణార్క్ రైలు ఎలాగూ హైదరాబాద్ మీదుగానే ముంబై వెళ్తుంది. అపాయింట్‌మెంట్‌కి ముందు ఫోన్ చేసి, బయట వేయించుకున్న టీకాల కార్డు తెస్తున్నానని చెప్పి, ఒక్కో టీకా ధర అడిగి రాసుకోండి.

ఇక పాత తేదీల సర్టిఫికెట్. అది ఉచితంగా ఇచ్చినా ముట్టుకోకండి. దొంగ కాగితం చూపి వీసా పొందాలని చూస్తే అమెరికా చట్టం ప్రకారం శాశ్వత నిషేధం పడుతుంది. దాన్నుంచి మినహాయింపు తెచ్చుకోవడం మరో పెద్ద కేసు. ఇక్కడ భారతీయ న్యాయ సంహితలోని 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ, దాన్ని అసలుదిగా వాడటం రెండూ నేరాలే. చేసిచ్చినవాడితో పాటు వాడినవాళ్ళూ ముద్దాయిలవుతారు.

మీ 10 వేలు రాబట్టుకోవచ్చు. అవసరం లేని టీకాలు తప్పనిసరి అని నమ్మించి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలని, ఆ జాబితాలో ఏ టీకా ఏ నిబంధన కింద తప్పనిసరో రాతపూర్వకంగా చెప్పాలని అడగండి. రెండో ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబుండదు, చాలాసార్లు డబ్బు అక్కడే వచ్చేస్తుంది. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, లేదా శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళండి. వాళ్ళ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు మొత్తానికి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. రసీదు ఇవ్వకపోయినా ఫోన్‌పే చెల్లింపు వివరాలు, ఆ జాబితా ఫొటో, వాట్సాప్ మెసేజీలు సాక్ష్యమే. సర్టిఫికెట్ చేయిస్తామన్న మెసేజ్ ఉంటే దాన్ని అసలు డిలీట్ చేయకండి, ఆ ఫోన్ అమ్మకండి కూడా.