పదును పోయిన చైన్, నింద మోసే బ్యాటరీ

ప్రశ్న: చెట్ల పైకొమ్మలు కోయడానికి ఏడాదిగా బ్యాటరీ పోల్ సా (పొడవాటి గొట్టం చివర చైన్ రంపం ఉండే యంత్రం) వాడుతున్నాను. మొదట్లో ఒక్క చార్జ్‌తో పని మొత్తం పూర్తయ్యేది. ఇప్పుడు నాలుగైదు కొమ్మలు కోసేసరికే చార్జ్ సగానికి పడిపోతోంది. లావు కొమ్మ దగ్గర మోటారు తనంతట తానే ఆగిపోతోంది. కోసిన చోట చెక్క నల్లబడుతోంది. కొత్త బ్యాటరీ కొనాలా?

జవాబు: కొనే ముందు కొమ్మ కింద రాలిన పొట్టును అరచేతిలోకి తీసుకొని చూడండి. పదునున్న చైన్ చెక్కను చెక్కుకుంటూ పోతుంది కాబట్టి చిన్న చిన్న పేళ్లు రాలుతాయి. మొద్దుబారిన చైన్ చెక్కను కోయదు, రుద్దుతుంది. అందువల్ల పిండిలాంటి సన్నని పొడి రాలుతుంది. మీరు చెప్పిన నల్లదనం ఆ రాపిడిలో పుట్టిన వేడికి గుర్తు కాబట్టి, నా అనుమానం ముందుగా చైన్ మీదకే పోతుంది.

పెట్రోలుతో నడిచే రంపం భారాన్ని మోయలేనప్పుడు దాని చప్పుడు మారిపోయి, ఇబ్బంది మనకు వెంటనే తెలుస్తుంది. బ్యాటరీ రంపంలో ఆ హెచ్చరిక అంత స్పష్టంగా వినిపించదు. మొద్దు చైన్‌ను తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీ వేడెక్కి త్వరగా ఖాళీ అవుతుంది, కరెంటు హద్దు దాటినప్పుడు రక్షణ సర్క్యూట్ మోటారును ఆపేస్తుంది. చూసేవారికి తప్పంతా బ్యాటరీదే అనిపిస్తుంది. చైన్‌కు పదును పెట్టి, అదే లావు కొమ్మలను మళ్లీ కోసి చూసిన తరువాత కూడా చార్జ్ అలాగే పడిపోతుంటే అప్పుడు బ్యాటరీ సంగతి ఆలోచించవచ్చు. ఇంకో గుర్తు కూడా ఉంది: పదును సరిగ్గా ఉంటే రంపం తల తన బరువుతోనే కొమ్మలోకి దిగుతుంది. మీరు గొట్టాన్ని కిందికి లాగి నొక్కవలసి వస్తోందంటే ఆకురాయి పట్టే సమయం వచ్చినట్లే.

చైన్‌ను ముట్టుకునే ముందు బ్యాటరీని పూర్తిగా బయటకు తీయాలి, చేతులకు మందపాటి తొడుగులు ఉండాలి. స్విచ్ ఆపితే చాలునన్న ధీమా ఈ పనిలో పనికిరాదు. పోల్ సాలలో ఎక్కువగా కనిపించే 3/8 అంగుళాల లింకు కొలత (పిచ్) ఉన్న లో ప్రొఫైల్, అంటే తక్కువ ఎత్తు పళ్ల, చైన్‌కు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. అయితే కొన్ని చిన్న రంపాలకు 1/4 అంగుళం చైన్ వస్తుంది, దాని ఆకురాయి కొలత వేరుగా ఉండవచ్చు. అందుచేత యంత్రంతో వచ్చిన పుస్తకంలో చూసి సరిచూసుకోండి. చైన్ తిరిగే గాడి పలకను బార్ అంటారు. దాన్ని వైస్‌లో (పట్టి బిగించే పనిముట్టులో) కదలకుండా బిగించి, పంటి పైభాగంలో గీసి ఉన్న వాలు గీతకు సమాంతరంగా, చాలా చైన్లకు ఇది సుమారు 30 డిగ్రీలు, ఆకురాయిని పంటి లోపలి వైపు నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తీసుకురావాలి, రుద్దుతూ లాగకూడదు. పని మధ్యలో కాస్త మొద్దుబారినట్లు అనిపించగానే ఒక్కో పంటికి రెండు మూడు తోపులు ఇస్తే చాలు; పూర్తిగా అరిగేదాకా ఆగితే ఎంతో లోహాన్ని వృథాగా అరగదీయవలసి వస్తుంది.

ప్రశ్న: ఇంట్లోనే పదును పెట్టాను. ఇప్పుడు రంపం వేగంగానే కోస్తోంది కానీ, కోత నిటారుగా దిగకుండా ఒక పక్కకు వంకర తిరుగుతోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: కొత్తగా పదును పెట్టేవారిలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇది. కుడిచేతి వాటం ఉన్నవారికి ఒక వరుస పళ్లను ఆకురాయితో రాయడం సులువుగానూ, ఎదుటి వరుస రాయడం ఇబ్బందిగానూ ఉంటుంది. తెలియకుండానే ఒక వైపు పళ్లు పొట్టివైపోతాయి, పొడవైన పళ్లున్న వైపుకు కోత లాగుతుంది. ఈ చైన్‌లో పళ్లు కుడి ఎడమలుగా ఎందుకున్నాయో తెలిస్తే సమానంగా రాయడంపై శ్రద్ధ దానంతటదే కలుగుతుంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌కు చెందిన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ ఒక మొద్దును తొలుస్తున్న పురుగు లార్వాను గమనించి, దాని దవడలు కుడి ఎడమలకు కదులుతూ చెక్కను తింటున్న తీరును అనుసరించి చైన్ పళ్లను రూపొందించారు. ఇప్పటి చైన్లు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. రెండు వైపులా సమానంగా తింటేనే దారి నేరుగా సాగుతుంది.

కాబట్టి అన్నిటికన్నా పొట్టి పంటిని వెతికి, మిగిలిన పళ్లన్నిటినీ దాని పొడవుకు తీసుకురండి. ఎన్ని తోపులు ఇచ్చారో లెక్కపెట్టుకోవడమే కాక, పొడవును కూడా కొలిచి చూసుకోండి. తరువాత ప్రతి పంటి ముందూ ఉండే చిన్న మెట్టును చూడండి. దాన్ని డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కోయాలో నిర్ణయించేది అదే. పళ్లు అరిగేకొద్దీ వాటి ఎత్తు తగ్గుతుంది కాబట్టి, నాలుగైదు సార్లు పదును పెట్టిన తరువాత ఆ మెట్టును కూడా చదును ఆకురాయితో తగ్గించాలి. ఈ చైన్లలో పంటి కొనకూ మెట్టుకూ మధ్య తేడా సాధారణంగా 0.65 మి.మీ. ఉంటుంది. దీన్ని కంటి అంచనాతో కాక, దీనికోసమే దొరికే కొలపలకతో చూసి చేయండి. ఎక్కువగా తగ్గిస్తే చైన్ చెక్కను పట్టి గుంజుతుంది, తలకు పైన గొట్టం చివర ఉన్న రంపం గుంజితే అదుపు చేయడం చాలా కష్టం.

పళ్లన్నీ సమానంగా ఉన్నా వంకర పోకపోతే తప్పు బార్‌లో ఉంటుంది. చైన్ బార్ మీద ఉండగానే ఒక నిటారు స్కేలును పంటి పక్కకూ, బార్ పక్కకూ ఆనించండి. బార్‌కూ స్కేలుకూ మధ్య కొద్దిపాటి సందు కనిపిస్తే మంచిదే. సందు లేకుండా స్కేలు బార్‌కు అతుక్కుపోతే, గాడి అంచులు అరిగి చైన్ పక్కకు ఒరుగుతోందని అర్థం. ఆ బార్‌ను మార్చవలసిందే. అక్కడిదాకా రాకుండా ఉండాలంటే పదును పెట్టిన ప్రతిసారీ బార్‌ను తలకిందులు చేసి బిగించండి, అరుగుదల రెండు అంచులకూ పంచుకుపోతుంది. గాడిలో పేరుకున్న పొట్టునూ, నూనె వచ్చే రంధ్రంలో గట్టిపడిన జిగురునూ సన్నని రేకుతో గీకి తీసేయండి. అంచుల వెంట బయటికి పొడుచుకు వచ్చిన ఇనుప మొనలను చదును ఆకురాయితో రాసేయండి.

ప్రశ్న: చైన్ తరచూ బార్ మీద నుంచి జారిపోతోంది. బిగించిన మరుసటి రోజు చూస్తే చేత్తో తిప్పినా కదలనంత గట్టిగా ఉంటోంది. బిగువు ఎంత ఉండాలి?

జవాబు: వేడిగా ఉన్నప్పుడు బిగించి ఉంటారు. పని చేసేటప్పుడు వేడెక్కిన చైన్ సాగి వదులవుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. వేడి మీద బిగించి అలాగే వదిలేస్తే చల్లారే చైన్ బార్‌నూ, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) ఇరుసునూ గట్టిగా లాగి పాడుచేస్తుంది. పని మధ్యలో బిగించక తప్పకపోతే, పని ముగియగానే మళ్లీ వదులు చేసి పెట్టాలి.

చల్లగా ఉన్నప్పుడు నట్టును కాస్త వదులు చేసి, బార్ ముక్కును పైకెత్తి పట్టుకొని, బిగువు స్క్రూ తిప్పండి. బార్ అడుగున చైన్ వేలాడకూడదు, తొడుగు వేసుకున్న చేత్తో లాగితే మాత్రం సులువుగా తిరగాలి. మధ్యలో పట్టి లాగినప్పుడు లోపలి పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకుండా, వదలగానే చైన్ తన చోటికి చేరాలి. ముక్కును ఎత్తి పట్టుకొనే నట్టు బిగించండి. కొత్త చైన్ మొదటి రోజు కాస్త సాగుతుంది, కొన్ని కోతలకొకసారి చూసుకోవాలి.

ప్రశ్న: చైన్ నూనె అయిపోయింది. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ పోయవచ్చా?

జవాబు: పోయకండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజనూ, ఒంటికి హాని చేసే పదార్థాలూ ఉంటాయి. మీరు కింద నిలబడి పైన కోస్తారు కాబట్టి ఆ తుంపరలు మీ మీద, నేల మీద పడతాయి, నూనె పంపూ పూడుకుపోతుంది. చైన్ కోసం చేసిన నూనెలో జిగట ఉంటుంది; బార్ ముక్కు దగ్గర చైన్ మలుపు తిరిగేటప్పుడు అది చిమ్మిపోకుండా అతుక్కుని ఉంటుంది. వంటనూనెతో కోయవచ్చు కానీ, నిలవ ఉంటే బంకలా గట్టిపడుతుంది. అందుకని రంపాన్ని చాలా రోజులు పక్కన పెట్టే ముందు ఆ నూనెను తీసేయాలి.

నూనె చైన్‌కు చేరుతోందో లేదో తెలుసుకోవాలంటే బార్ ముక్కును ఒక అట్టకు జానెడు దూరంలో ఉంచి రంపాన్ని కాసేపు నడపండి, అట్ట మీద నూనె చార కనిపించాలి. కనిపించకపోతే నూనె రంధ్రం చూడండి. తొట్టి లేని చిన్న రంపాలకు కొన్ని నిమిషాలకొకసారి చేత్తోనే నూనె వేయాలి.

ప్రశ్న: చైన్‌ను ఎప్పుడు పారేయాలి?

జవాబు: చాలా చైన్లలో పంటి పైభాగంలో అరుగుదల గుర్తు ఉంటుంది. అరుగుదల ఆ గుర్తు దాకా వచ్చాక ఇక పదును పెట్టకండి. ఒక్క లింకులో పగులు కనిపించినా, రివెట్లు వదులైనా పళ్లెంత బాగున్నా ఆ చైన్‌ను తీసేయండి. కొత్తది వేసే ముందు స్ప్రాకెట్ పళ్ల మధ్య గాట్లు పడ్డాయేమో చూడండి. అవి సుమారు 0.5 మి.మీ. లోతు దాటితే స్ప్రాకెట్‌ను కూడా మార్చండి, లేకపోతే కొత్త చైన్ కూడా త్వరగా అరిగిపోతుంది.